చేతికి ఆగే స్క్రూ

కమలాపురం,
8 జూలై 2024.

మహిమమ్మకు పెదనాయన సుందరం, పెద్దమ్మ కృపమణి వందనాలు.

ఎప్పటిలాగే నేను చెబుతుంటే పెద్దమ్మ రాస్తోంది. గ్రీజు చేతులతో కాగితం ముట్టుకోవద్దని పెళ్లయిన ఏడాది ఆమె పెట్టిన నియమం ఇప్పటికీ నడుస్తోంది. మొన్న ఆదివారం మీ వార్డెన్ మీకు ఫోన్లు ఇచ్చినప్పుడు నువ్వు చేశావట. ముప్పై ఎనిమిదేళ్లు మోటార్ల మోత పక్కన నిలబడిన చెవులు నావి. ఫోన్లో నీ గొంతు ఈగ ముసిరినట్టు వినబడుతుంది. అందుకే ఉత్తరం.

ఇక్కడ వాన లేదు. పెద్దమ్మ మిరప నారు పోసి రోజూ ఆకాశాన్ని తిడుతోంది. చర్చిలో కొత్త మైకు పెట్టారు, అది పాటకంటే ఎక్కువ కూస్తోంది. నన్ను చూడమన్నారు. చూడలేదు. వైండింగ్ షాపు కూడా కొన్నాళ్లుగా తీయడం లేదు. ఇప్పుడు అందరూ కొత్త మోటార్లు కొంటున్నారు, కాలిపోయినదాన్ని చుట్టించుకునేవాళ్లు తగ్గారు.

అసలు విషయం. కడపలో ఒకచోట బల్ల మీద చిన్న రోబో బండిని చూశాను. తెల్ల కాగితం మీద నల్ల గీత గీస్తే ఆ గీత వెంటే పోతోంది. అలాంటివి విడిభాగాలుగా కిట్లు వస్తాయట. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివేది మన ఇంట్లో నువ్వొక్కదానివే. మొదటిసారి కొనేవాళ్లకు ఏ కిట్టు మంచిదో ఆలోచించి రాయి. స్క్రూలు మరీ చిన్నవి కాకుండా ఉంటే మేలు.

బాగా తిను. పెద్దమ్మ పంపిన ఊరగాయ అందరికీ పంచేసి ఉత్త మజ్జిగన్నం తినొద్దు.

నీ పెదనాయన,
సుందరం

ఓర్వకల్లు,
17 జూలై 2024.

పెదనాయనా, పెద్దమ్మా,

ఊరగాయ అప్పుడే అయిపోయింది. పంచింది నేను కాదు, శివలీల. ఆమె మా సీనియర్, పక్క మంచం. హాస్టల్లో నీళ్లు రెండు రోజులకోసారి వస్తున్నాయి. కిటికీలోంచి చూస్తే బండలు, ఆ పైన విమానం. ఇక్కడ ఎక్కువ కదిలేది ఆ విమానమే.

కిట్టు గురించి అడిగావు. సండే స్కూలు పిల్లలకే కదా. చాలా మంచి ఆలోచన. వాళ్లకైతే ప్లాస్టిక్ ముక్కలు ఒకదానిలో ఒకటి నొక్కితే అతుక్కునే రకం తెప్పించు. స్క్రూలే ఉండవు, వైర్లు కూడా గుచ్చితే చాలు. రంగురంగులుగా ఉంటుంది, కళ్లు, తోక కూడా అతికించుకోవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లలు సాయంత్రంలోపు చేసేస్తారు. ఏది తెప్పించాలో వెనక రాశాను.

నేను పోయిన సంవత్సరం ఇంతకంటే పెద్దది ఒకటి చేశాను, కాబట్టి అనుభవంతోనే చెబుతున్నా. పిల్లలకు మొదట్లోనే కష్టమైనది ఇస్తే విసుగొచ్చి వదిలేస్తారు.

మీ మహిమ

కమలాపురం,
26 జూలై 2024.

మహిమకు,

సండే స్కూలు పిల్లలకని నేను ఎక్కడ రాయించాను? పెద్దమ్మను మళ్లీ అడిగాను. రాయలేదంది. కిట్టు నాకు.

నీ ఉత్తరం పట్టుకుని బస్టాండు దగ్గర సెల్ షాపు పరమేష్ దగ్గరికి పోయాను. ఆన్‌లైన్లో మన ఊరివాళ్లకు కావలసినవన్నీ అతనే తెప్పిస్తాడు. నువ్వు రాసిన పేరు కొట్టి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. పసుపు రంగు ఏనుగు, దానికి చక్రాలు.

"ఏమప్పా, ఎవురికిది? ఎనిమిదేండ్ల పిల్లోల్లకని ఈడ రాసుండాది" అన్నాడు.

నాకే అన్నాను. షాపులో నలుగురున్నారు. నాకు వినపడదనుకుని ఏదో అనుకున్నారు. పెదవుల కదలిక నాకు తెలుస్తుంది. నవ్వు ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ మండలంలో మూడొంతుల బోరు మోటార్లు నేను చుట్టినవి. రాగి తీగ ఎన్ని చుట్లు వేశానో చూడకుండా వేళ్లతో చెప్పగలిగినవాణ్ణి. అలాంటివాడికి తోక అతికించుకోమని రాశావు. నీకు అంత పని ఒత్తిడి ఉంటే తీరిక లేదని రాసి ఉండాల్సింది.

పెద్దవాళ్లు చేసుకునేది ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే వద్దు.

సుందరం

ఓర్వకల్లు,
5 ఆగస్టు 2024.

పెదనాయనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి ఏడుపొచ్చింది. నువ్వు ఎవరికో చెప్పలేదు, నేను అడగలేదు. తప్పు నాదే అనుకో. కానీ "తీరిక లేదని రాయాల్సింది" అన్నావు చూడు, అది మాత్రం అన్యాయం.

ఈసారి శివలీలను కూర్చోబెట్టి గంటసేపు అడిగాను. నీ స్థాయికి తగ్గదాన్ని వెతికాం. ఆరు కాళ్ల రోబో. ఒక్కో కాలికి మూడు చొప్పున పద్దెనిమిది చిన్న మోటార్లు. పురుగులాగా నడుస్తుంది, ఒంగుతుంది, లేస్తుంది. మా కాలేజీలో ఎవరూ ముట్టుకోలేదు. మొదటిసారి చేసేవాళ్లకు కాదని దాని మీద రాసి ఉంటుంది, పట్టించుకోవద్దు. ఆ మాట మామూలు జనం కోసం. నీ చేతులున్నవాడికి అది వర్తించదు. కాలిపోయిన మోటారు కడుపులో వేళ్లు పెట్టి నువ్వు తీగ లాగడం చూసే కదా నేను ఈ బ్రాంచిలో చేరింది. మా నాయన వద్దంటే నువ్వే బద్వేలు వచ్చి ఒప్పించావు.

ఇది మాత్రం తప్పకుండా తెప్పించు. అయ్యాక ఫోటో పంపించు, ఇక్కడ అందరికీ చూపిస్తాను.

మహిమ

కమలాపురం,
24 ఆగస్టు 2024.

మహిమకు,

పురుగు వచ్చింది. పద్నాలుగో తారీఖున వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, కాళ్లు రెండైనా బిగించాక రాద్దామని. ఒక్కటి కూడా కాలేదు.

డబ్బా విప్పితే నలభై పొట్లాలు. స్క్రూలు నువ్వుగింజలంత ఉన్నాయి. మొదటి రోజే ఒకటి జారిపోయింది. "యాడ పడింది, యాడ పడింది" అంటూ పెద్దమ్మ నేలంతా చీపురుతో ఊడ్చి, చెత్తలో అయస్కాంతం తిప్పితే మూడు గుండుసూదులు, ఒక హెయిర్‌పిన్ దొరికాయి. స్క్రూ దొరకలేదు. రెండో రోజు ఇంకో నాలుగు పోయాయి. తర్వాత పళ్లెంలో దుప్పటి ముక్క పరిచి దాని మీద పెట్టుకున్నాం. అప్పుడు స్క్రూలు పోవడం ఆగింది, పని కూడా ఆగింది.

కాగితమంతా ఇంగ్లీషు. పెద్దమ్మ కూడబలుక్కుని చదువుతుంది. ఆమె ఎడమ అన్నప్పుడు బొమ్మలో కుడి ఉంటుంది. నిన్న నేను స్క్రూడ్రైవర్ విసిరికొట్టాను. అది పోయి ఆమె నీళ్ల బిందెకు తగిలింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మీద వస్తువు విసిరింది లేదు. ఆమె మీద కాదని ఆమెకూ తెలుసు, అయినా రోజంతా మాట్లాడలేదు. ఇది రాయడానికి కూడా బతిమాలాల్సి వచ్చింది.

మొదటి ఉత్తరంలోనే ఒక మాట రాయించాను. నువ్వు చదివినట్టు లేదు.

నువ్వు పోయిన ఏడాది ఒకటి చేశానన్నావు కదా. దానికి ఎన్ని రోజులు పట్టింది? మోటారు ఇరుసుకు తెల్ల ప్లాస్టిక్ ముక్క బిగించే ముందు మోటారును సగంలో నిలపాలని ఇరవై మూడో పేజీలో ఉంది. కరెంటు ఇవ్వకుండా సగం ఎక్కడో ఎలా తెలుస్తుంది? దీనికి మాత్రం సూటిగా జవాబు రాయి. మోటార్ల గురించి నేను ఇంకొకర్ని అడగడం ఇదే మొదటిసారి.

సుందరం

ఓర్వకల్లు,
4 సెప్టెంబర్ 2024.

పెదనాయనా,

నాకు ఇక్కడ యూనిట్ టెస్టులు. ఆ పేజీ నా దగ్గర లేదు, నేను చేసింది వేరే కంపెనీది, కాబట్టి నాకెలా తెలుస్తుంది? కాగితం మొదటి నుంచి వరుసగా చదివితే తెలుస్తుంది. మధ్యలో మొదలుపెట్టి అర్థం కాలేదంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

చిన్నదిస్తే చిన్నదన్నావు. పెద్దదిస్తే స్క్రూలు చిన్నవంటున్నావు. నీకు నచ్చేది ఏదో నాకు అర్థం కావడం లేదు. తలవెంట్రుకంత తీగను తెగకుండా చుట్టినవాడివి, నువ్వుగింజంత స్క్రూ నీకొక లెక్కా? నీకు ఓపిక తగ్గింది, అంతే. షాపు మూసి ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా అలాగే అవుతుంది. పెద్దమ్మ మీద విసుక్కోవద్దు. ఇష్టం లేకపోతే పరమేష్‌కు ఇచ్చి వాపసు పంపించు.

మహిమ

కమలాపురం
12 సెప్టెంబర్

మహిమా

ఇది నేను రాస్తున్నాను. ఎడమ చేత్తో. రెండు రోజులు పట్టింది.

జూన్‌లో, నువ్వు హాస్టలుకు పోయిన పది రోజులకు, షాపులో మోటారు విప్పుతూ కూలిపోయాను. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. కాలు వచ్చింది. చెయ్యి మోచేతి దాకా వచ్చింది. వేళ్లు రాలేదు.

కడపలో రోబో బండిని చూశానని రాసింది ఫిజియోథెరపీ గదిలో. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి శివజ్యోతి. ఆమే చెప్పింది. "మైనపు ముద్ద పిసుకు పిసుకు అంటే నువ్వు పిసకడం లేదు సుందరమప్పా. నీకు పని ఉంటేనే వేళ్లు కదులుతాయి. ఇట్లాంటిది ఒకటి తెచ్చుకో" అంది. వేళ్లు తిరిగి రావడానికి మొదటి ఆరు నెలలే ముఖ్యమట. అందులో మూడు అయిపోయాయి.

నీకు చెప్పొద్దని బద్వేలులో మీ నాయనకు ఒట్టు పెట్టించింది నేనే. తెలిస్తే చదువు వదిలి వచ్చి కూర్చుంటావని.

నా చేతుల గురించి ఇక రాయొద్దు.

సుందరం

ఓర్వకల్లు,
22 సెప్టెంబర్ 2024.

పెదనాయనా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించాను.

మొదట కోపం. మూడు నెలలు మీరంతా కలిసి నాకు చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఫోన్లో నాయన "పెదనాయన బాగుండాడు, పనిలో ఉండాడు" అంటూనే ఉన్నాడు. నేను ఆ పురుగును నీకు అంటగట్టి, ఓపిక లేదని తిట్టి, నీ చేతులు నీ చేతులు అని ప్రతి ఉత్తరంలో రాశాను. అవన్నీ పెద్దమ్మ నీకు చదివి వినిపించి ఉంటుంది. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఇంత తప్పు చేసేదాన్ని కాదు.

ఇప్పుడు నా సంగతి. నేను పోయిన ఏడాది రోబో చేశానన్నది అబద్ధం. ఒక్కటి కూడా చేయలేదు. మా ల్యాబులో కిట్లు అద్దాల బీరువాలో ఉంటాయి. తనిఖీకి ఎవరైనా వస్తే బయట పెడతారు, వాళ్లు పోగానే తాళం వేస్తారు. మేం బోర్డు మీద గీసిన బొమ్మలను రికార్డులోకి ఎక్కిస్తాం. మే నెల ప్రాక్టికల్ పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక చిన్న బోర్డు చేతికిచ్చి మోటారు కలపమన్నాడు. ముప్పై బొమ్మలు గీసినదాన్ని, ఒక్క వైరు ఎక్కడ గుచ్చాలో తెలియలేదు. "అమ్మా, నువ్వు ఈ వస్తువు ముందెప్పుడైనా సూసినావా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. చూశాను సార్, బీరువాలో, అన్నాను. ఫెయిలయ్యాను. దాంతోపాటు లెక్కలు కూడా పోయాయి. నాయనకు చెప్పలేదు.

నువ్వేమో చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి, మా మహిమ రోబోలు చేస్తాంది అని అందరికీ చెప్పావట. పెద్దమ్మ చెప్పింది. ఆ తర్వాత నీకు నిజం రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. నీ ఇరవై మూడో పేజీకి జవాబు నాకు తెలియదు పెదనాయనా. ఆ రోజు తెలియదని రాయడానికి బదులు నిన్ను తిట్టాను.

స్క్రూలు మరీ చిన్నవి కాకుండా ఉంటే మేలని నువ్వు జూలైలోనే అడిగావు. ఆ ఉత్తరం ఇప్పుడు తీసి చూశాను. చివరి వాక్యం. చదివాను, వదిలేశాను.

నాకు రావాలని ఉంది. దసరా సెలవుల్లో సప్లిమెంటరీ రాసేవాళ్లకు క్లాసులు పెట్టారు. నువ్వు రమ్మంటే అవి మానేసి వస్తాను.

మహిమ

కమలాపురం,
1 అక్టోబర్ 2024.

మహిమమ్మకు,

మళ్లీ పెద్దమ్మే రాస్తోంది. నా ఎడమ చేతిరాత చూసి నువ్వు భయపడి ఉంటావని ఆమె గోల.

రావొద్దు. క్లాసులు మానేస్తే ఆ ఫెయిలుకు నేను కూడా కారణమవుతాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు కోపం తగ్గలేదు. ఫెయిలైనందుకు కాదు. నేను నిన్ను నమ్మి ఆ పురుగుతో నెల రోజులు కుస్తీ పట్టాను. చేతకాకపోవడం చెయ్యి పోయినందువల్లేనని అనుకున్నాను. చెయ్యి బాగున్నవాళ్లకు కూడా మొదటిసారి అది కష్టమని నువ్వు ఒక్క మాట రాసి ఉంటే, నేను స్క్రూడ్రైవర్ విసిరేవాణ్ణి కాదు. బిందెకు సొట్ట పడేది కాదు.

ఇదంతా అరుస్తుంటే పెద్దమ్మ కలం కింద పెట్టేసింది. "నువ్వు దాసిపెట్టినావు, ఆ పిల్లా దాసిపెట్టింది. ఇద్దురిదీ ఒకటే బుద్ధి. నన్ను మాత్రం మధ్యలో కూసోబెట్టి రాయిస్తాండావు. నాకు శానా పనుండాది" అని లేచిపోయింది. గంట తర్వాత వచ్చి మళ్లీ కూర్చుంది. కాబట్టి ఇక్కడి నుంచి కోపం లేకుండా చెబుతున్నాను.

పోయిన ఆదివారం చర్చిలో లేచి నా మాట సరిదిద్దాను. మహిమ రోబోలు చేయడం లేదు, నేర్చుకుంటోంది, నేను కూడా నేర్చుకుంటున్నాను, మా ఇద్దరి కోసం ప్రార్థన చేయండని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

పురుగును పరమేష్ వాపసు తీసుకోనన్నాడు, స్క్రూలు తక్కువున్నాయని. బీరువా పైన పెట్టాను.

ఇప్పుడు నువ్వు చేయవలసింది. ఆ అద్దాల బీరువా తాళం అడుగు. అందులో ఉన్నవాటిలో ఏది తేలికో కళ్లతో చూసి, చేత్తో ముట్టుకుని, విప్పి బిగించి చెప్పు. శివలీల చెప్పింది వద్దు, ఫోన్లో బొమ్మ వద్దు. షాపులో నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను మొదటిరోజే కాలిపోయిన మోటారు ఇచ్చి విప్పించేవాణ్ణి. నీకు ఎప్పుడూ ఇవ్వలేదు. చదువుకునే పిల్లకు మసి ఎందుకని పక్కన నిలబెట్టి చూపించాను. అది నా తప్పు.

నీ పెదనాయన,
సుందరం

ఓర్వకల్లు,
23 అక్టోబర్ 2024.

పెదనాయనా, పెద్దమ్మా,

తాళం సంగతి విను. మొదటిసారి అడిగితే మా మేడం "పరీక్షకు అవి రావు, బొమ్మలు గీసుకో" అంది. రెండోసారి అడిగితే రిజిస్టర్లో సంతకం చేసే అధికారం తనకు లేదంది. మూడోసారి నీ సంగతి చెప్పాను. పక్షవాతం వచ్చిన మా పెదనాయన కోసం, ఏ కిట్టులో స్క్రూ ఎంత ఉంటుందో చూడాలి మేడం, అన్నాను. ఆమె "మా నాయనకూ వచ్చింటుండెలే" అని తాళం తీసింది. రోజూ క్లాసయ్యాక గంట. ఏది పోయినా నాదే బాధ్యత.

అందులో నాలుగు రకాలున్నాయి. ఒకదానికి అన్నీ టంకం పెట్టాలి. నీకు వేడి ఇనుము ఇప్పుడు వద్దు. ఒకదానికి లాప్‌టాప్ లేకుండా ఏదీ కదలదు. ఇంకొకటి చెయ్యి ఆకారం, దాని స్క్రూలు మన పురుగువే. నాలుగోది రెండు చక్రాల బండి. వెనక ఒక గోళీ చక్రం. వైర్లు గుచ్చుకునేవే. గీత వెంట పోయే ప్రోగ్రామ్ ముందే ఎక్కించి ఉంటుంది. దాని మీద పిల్లలని రాయలేదు, పెద్దలనీ రాయలేదు, మొదటిసారి చేసేవాళ్లకని ఉంది.

దాన్ని మొత్తం విప్పాను. బిగించాను. మొదటిసారి ఆరు రోజులు పట్టింది పెదనాయనా, రెండు చేతులూ బాగున్న నాకు. చక్రం ఒకటి తిరగబడింది, బ్యాటరీ డబ్బా తలకిందులుగా పెట్టాను, ఒక వైరు ఎక్కడిదో నాలుగు రోజులు తెలియలేదు. ఒక సాయంత్రం ఏడుపొచ్చి అన్నీ ఊడబీకి డబ్బాలో పడేశాను. మర్నాడు మళ్లీ తీశాను.

కాగితానికి టేపుతో ఒక స్క్రూ, ఒక నట్టు అంటించాను. ఆ బండివి. తల వెడల్పుగా ఉంది. ఇది నీ కుడి చేతి వేళ్లలో ఆగితేనే ఆ కిట్టు తెప్పించు. ఆగకపోతే ఇంకొకటి వెతుకుదాం. చూసుకుని స్క్రూ మాత్రం వాపసు పంపించు, రిజిస్టర్లో పద్నాలుగు అని ఉంది.

నా ప్రాక్టికల్ నవంబర్ 19న.

మీ మహిమ

కమలాపురం,
16 నవంబర్ 2024.

మహిమమ్మకు,

నీ స్క్రూ ఇందులో ఉంది. రిజిస్టర్లో పద్నాలుగు సరి చేసుకో.

అది నా వేళ్లలో మొదటి రోజు ఆగలేదు. రెండో రోజు ఆగింది కానీ తిరగలేదు. బొటనవేలు, మధ్యవేలు కలుస్తున్నాయి, చూపుడువేలు మాత్రం ఇంకెవరిదో అయినట్టు పక్కకు చూస్తోంది. నాలుగో రోజు నట్టును ఎడమ చేత్తో పట్టుకుని, స్క్రూను కుడి చేత్తో ఒకటిన్నర చుట్టు తిప్పాను. శివజ్యోతి దగ్గరికి పట్టుకుపోయి చూపించాను. "ముద్ద పిసకమంటే ముఖం తిప్పుకుంటివి. దీనికి మాత్రం నాలుగు దినాలు కూసుంటివా" అని మొట్టినంత పని చేసింది. అదే రోజు పరమేష్‌తో ఆర్డర్ పెట్టించాను. డబ్బా మీద ఏం రాసుందని అతను అడగలేదు.

బండి బిగించడానికి పదకొండు రోజులు. పెద్దమ్మ ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు, నేను ముట్టుకోనివ్వలేదు. రెండుసార్లు పోట్లాడుకున్నాం. వస్తువులేవీ విసరలేదు.

ఈరోజు పొద్దున వరండాలో తెల్ల చార్టు పరిచి, నల్ల టేపు అంటించి, స్విచ్ వేశాను. బండి కదిలింది. కదిలి ఎడమకు తిరిగింది. తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చింది. పదిసార్లు వేశాను, పదిసార్లూ ఎడమకే. పెద్దమ్మ గడపలో కూర్చుని "అది గీత సూడల్యా, నిన్నే సూస్తాండాది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేత్తో పైకెత్తితే రెండు చక్రాలూ సమంగా తిరుగుతున్నాయి. కింద పెడితే ఎడమకే. బ్యాటరీలు మార్చాను. మళ్లీ ఎడమకే. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాను. సాయంత్రానికి ఎడమ చక్రం విప్పాను, రేపు కుడిది విప్పుతాను.

నువ్వు పంతొమ్మిదిన బాగా చెయ్యి. వైరు ఎక్కడిదో తెలియకపోతే తెలియదని ఆ సారుకు చెప్పి, వెతికి పెట్టు.

ఒక్క మాట. ఈ బండి ఎడమకే ఎందుకు పోతోందో నీకు తెలిసే ఉంటుంది. దాన్ని ఆరు రోజులు విప్పినదానివి. తెలిసినా రాయొద్దు.

నీ పెదనాయన,
సుందరం